దానమ్మ చెవిమిషను

ఆషాఢం సగం దాటినా ఆ యేడు పెద్దకడుబూరు పక్క పల్లెల్లో చినుకు రాలలేదు. దానమ్మ చెవిలో మాత్రం దినమూ వానే. లేచి నిలబడితే జల్లు, నాలుగడుగులు వేస్తే పెద్దవాన, కూచుంటే తెరిపి. మొదటి దినం అది నిజం వానే అనుకొని, "ఒమ్మే, మిద్దెల మింద మిరపకాయలు తీయండే, వానొస్తాంది!" అని అరుచుకుంటా వీధిలోకి పోయింది. పైన మబ్బు తునక లేదు. వీధి వీధంతా కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వనీ! ఏడేండ్ల తర్వాత వాన విన్న మనిషిని చూసి నవ్వేవాళ్ళకు వాన విలువేం తెలుస్తుంది?

ఆ వాన యాడిదో తేల్చుకొనేదానికి ఆమెకు రెండు దినాలు పట్టింది. గంజి పెట్టి ఆరేసిన ఎమ్మిగనూరు చీర కొంగు, ఎద మీద వేలాడే చెవిమిషను పెట్టెకు రాసుకొనే చప్పుడు అది. తెలిసినాక ఇంకొకరైతే కొంగు పక్కకు దోపుకొని ఊరకుంటారు. దానమ్మ అట్లా చేయలేదు. పొద్దు నడినెత్తికి వచ్చి ఊరు సద్దుమణిగినాక, అరుగు మీద గోడకు ఆనుకొని, కండ్లు మూసుకొని, కొంగును పెట్టె మీద మెల్లిగా కదిలించుకుంటా కూచునేది. శెనక్కాయ చేన్ల మీద వాన పడేది. వంకలు పారేవి. పోయిన మొగుడు గోనెపట్ట నెత్తిన కప్పుకొని తడుసుకుంటా ఇంటికొచ్చి, "వేన్నీళ్ళు కాంచినావా?" అని అడిగేవాడు. జవాబు చెప్పేదానికి నోరు తెరిస్తే కండ్లు కూడా తెరుచుకునేవి, ఎదురుగా ఎండ కొడుతూ ఉండేది.

ఏడేండ్ల కింద విషజ్వరం వచ్చి, ఇరవై దినాలు మంచాన పడి లేచేసరికి ఆమె రెండు చెవులూ పోయినాయి. అన్నం సహించింది, కాళ్ళకు బలమొచ్చింది, చెవులు మాత్రం తిరిగి రాలేదు. కలల్లో అందరూ మాట్లాడేవాళ్ళు. అమ్మ పాడేది, కోడి కూసేది, బిందె బావిలో మునిగేది. తెల్లారి లేస్తే నోర్లు కదులుతాంటాయి, మాట ఉండదు. ఏది కలో ఏది మెలకువో కొన్ని దినాలు ఆమెకు తెలీకుండా పోయింది.

చెవుడు ఎవరికైనా కష్టమే. మంత్రసానికి వస్తేనో? దానమ్మది ఆ పనే. అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఆమెకు వచ్చింది. మంత్రసాని పనికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాల, పియ్యొచ్చినా పట్టాల అంటారు కదా. ఆమె రెండూ పట్టింది, మొగం చిట్లించకుండా. చుట్టుపక్కల నాలుగు ఊర్లలో నడిచే పిల్లోళ్ళు సగం మంది ఆమె చేతిలో పడినోళ్ళే. చెవులు పోయినా చేతులు పోలేదు కదా అని ఆమె ధైర్యం.

ఆ ధైర్యమే కొంప ముంచింది. మూడేండ్ల కింద మల్లమ్మ కోడలు హులిగమ్మకు తొలి కాన్పు. బిడ్డ నీలంగా వచ్చింది. దానమ్మ కాళ్ళు పట్టి తలకిందులు చేసింది, వీపు తట్టింది, నీళ్ళు చల్లింది. బిడ్డ మెదల్లేదు. అయిపోయిందనుకొని చాటలో పెట్టి, పాతగుడ్డ కప్పి, తల్లిని చూసుకొనేదానికి తిరుక్కుంది. వెనక చాటలోంచి సన్నంగా, పిల్లికూన మాదిరి, ఏడుపు మొదలైంది. గదిలో అందరికీ వినపడింది, ఆమెకు తప్ప. మల్లమ్మ ఒక్క ఉరుకున వచ్చి చాట ఎత్తుకునింది.

ఆడబిడ్డ. బతికింది. ఉచ్చీరమ్మ అని పేరు పెట్టుకున్నారు, ఇప్పుడు వీధిని ఏలుతాంది. సచ్చింది దానమ్మ బతుకే. "బతికిన బిడ్డను సచ్చిందని చాటలో పెట్టిన సెవిటిముండ" అని మల్లమ్మ బావికాడ అందరి ముందరా అనేసింది. కుండకు మూకుడుంది, ఊరి నోటికి మూకుడుందా? ఆ దినం నుంచి ఆమెను కాన్పుకు పిలిచినోళ్ళు లేరు. పిలవలేదని ఆమె ఎవరినీ తిట్టలేదు. తప్పు తనదేనని ఆమెకు తెలుసు.

చెవిమిషను ఆమెకు ఆ ఎండాకాలమే ఆదోని చర్చి మిషను దొరసానమ్మ ఇచ్చింది. ఆ దొరసానమ్మకూ చెవుడే. ముసలిదై తన దేశానికి పోతా పోతా, "నాకు ఆడ కొత్తది ఇస్తారులే" అని తన ఎద మీది పెట్టె తీసి దానమ్మ మెడలో వేసింది. అరచేతిలో ఇమిడే ఇనుప పెట్టె, దాంట్లోంచి ఒక తెల్లతీగ, తీగ కొసన చెవిలో పెట్టుకొనే బిళ్ళ. దొరసాని చెవి సన్నది, దానమ్మ చెవి దొడ్డది. బిళ్ళ జారిపోతా ఉంటే, తేనెమైనం మెత్తగా పిసికి దాని చుట్టూ పెట్టి, తన చెవికి సరిపోయేటట్ల చేసుకునింది. ఆ ఉపాయం అంత చదువుకున్న దొరసానికి కూడా తట్టలేదు.

పసిబిడ్డను సాకినట్ల సాకేది దాన్ని. పొద్దున లేస్తూనే బిళ్ళను మెత్తటి గుడ్డతో తుడిచి, రంధ్రంలో గులిమి చేరి ఉంటే పొరకపుల్లతో తీసేది. పెట్టెలో వేసే బ్యాటరీ సెల్లు రెండు కొసలూ కొంగుతో రుద్ది, బుడిపె పైకి వచ్చేటట్ల పెట్టి మూత వేసేది. ఆ పైన బిళ్ళనూ పెట్టెనూ ఒకే దోసిట్లో మూసి, పెట్టె పక్కనుండే చిన్న చక్రం తిప్పేది. సెల్లులో బలముంటే మిషను కుయ్యిమని కూత పెడుతుంది. ఆ కూత దానమ్మకు వినపడదు. వినపడేదైతే మిషనెందుకు? వాకిట్లో పండుకున్న కుక్క చెవులు రిక్కించి లేస్తే కూత వచ్చినట్టు గుర్తు. చెమట తగలనీదు, పొయ్యి దగ్గరికి పోనీదు. మాపటేల సెల్లు బయటికి తీసి, మిషనును గుడ్డలో చుట్టి, తేమ తగలకుండా జొన్నల కుండలో దాచేది.

సెల్లు వారానికొకటి కావాల. ఆదోని పత్తిమిల్లులో పనిచేసే అన్నకొడుకు జయన్న శనివారం శనివారం తెచ్చిస్తాండె. అయిపోయిన సెల్లును ఎవరైనా పారేస్తారా? మిద్దె మీద మిరపకాయల నడుమ ఎండకు పెట్టేది. ఎండ తాగిన సెల్లు మళ్ళా లేచి కూచుంటుంది, ఒక గడియో అరగడియో. ఆ తర్వాత చెప్పా పెట్టకుండా పండుకుంటుంది.

చెవులొచ్చినాయి కదా, ఇంక ఊరు పిలుస్తుందనుకునింది దానమ్మ. యాడిది! దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్ల, మల్లమ్మ ఇంకో మాట పుట్టించింది. "అది మిషనోళ్ళ మిషను. సెవిలో పెట్టుకుంటే తీగెంబడి కిరస్తానం లోపలికి దిగుతాది. అది తగిలిన బిడ్డ కూడా మిషనులో కలిసిపోతాది." ఆ మిషనుకూ ఈ మిషనుకూ ఒకటే మాట అయిపాయె, ఎవరు విడదీసి చెప్పేది? దానమ్మ ఇంట్లో తాతల కాలం నుంచి యేసయ్య ఉండాడు, ఇప్పుడు ఆమె చెవిలోకి రావడానికి ఆయనకు తీగ కావాల్నా? ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. మూడేండ్ల కిందటి తప్పు ఉన్నోళ్ళకు నోరు పెద్దగా లేవదు.

ఆ శనివారం జయన్న రాలేదు. సోమవారం మధ్యాన్నం దానమ్మ ఎండ తాగిన సెల్లు ఒకటి వేసుకొని, అరుగు మీద తన వానలో ఉంది. వంక అవతల గట్టు మీద ఎవరో నిలబడి పిలుస్తాండారు. మొగుడేమో అనుకునింది. గొంతు వేరే. కండ్లు తెరిస్తే ఎదురుగా తిక్కయ్య, మల్లమ్మ కొడుకు, హులిగమ్మ మొగుడు. వాని మొగంలో నెత్తురు లేదు.

"పెద్దమ్మా, హులిగి నిన్ను పిలుస్తాంది. తెల్లారుజాము నుంచి నొప్పులు. పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదు. మద్దమ్మ వచ్చి సూసి సచ్చిపోయిందంటాంది."

మద్దమ్మంటే, దానమ్మను మానేసినాక ఊరు పిలుచుకునే మంత్రసాని.

"మీయమ్మ పిలవమనిందా?"

"లేదు. హులిగే పిలవమనింది. నేను బండి తెచ్చేదానికి పోతాండా, ఎమ్మిగనూరు ఆస్పత్రికి."

దానమ్మ లేచింది. లేస్తూనే చెవిలో వాన జోరున కురిసింది. కొంగు ఎడంగా దోపుకుంటే వాన తెరిపిచ్చి, తన కాళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది. ఆ చప్పుడు వెంట, కలలో నడిచినట్ల, మూడేండ్లుగా తొక్కని గడప తొక్కింది.

గది సగం చీకటి. హులిగమ్మ గోడకు ఒరిగి, కండ్లు అరమోడ్చి ఉంది. నొప్పి వచ్చి పోతాంది, ఆమె మాత్రం ముక్కడం లేదు. మద్దమ్మ అప్పుడే చేతులు కడుక్కుంటాంది. "కడుపులో సచ్చిన బిడ్డ. ఆస్పత్రిలో లాగేస్తారు, తల్లన్నా మిగులుతాది" అనింది, ఆ తల్లి ముందరే.

"నీ నోట్లో దుమ్ము పడ! ఆ మాట తల్లి ఇనేటట్ల అంటారా?" అని దానమ్మ కసిరి, హులిగమ్మ పక్కన కూచునింది. "ముక్కు తల్లీ. ఎందుకు ఊరకున్నావు?"

హులిగమ్మ పెదవులు కదిలినాయి. "యాల ముక్కేది పెద్దమ్మా? ఎవరి కోసరం?"

దానమ్మ కడుపు మీద చేతులు పెట్టి చూసింది. తల కిందికే ఉంది, దోవ సరిగ్గానే ఉంది. కావాల్సింది తల్లి బలం ఒక్కటే. ఎమ్మిగనూరు దోవ గతుకుల దోవ. బండి ఎక్కిస్తే ఇద్దరూ నడుమనే పోతారు. బిడ్డ బతికుండాదని ఈ పిల్లకు నమ్మకం కలిగితే ఇద్దరూ ఇక్కడే బయటపడతారు. నిజంగా బతికుండాదా? చేతులకు ఆ సంగతి తెలీదు. పోయినసారి చేతులను నమ్మే కదా చాటలో పెట్టింది.

మెడలోంచి పెట్టె తీసి కడుపు మీద పెట్టబోయింది. మల్లమ్మ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకునింది.

"వద్దు! ఆ మిషనోళ్ళ మిషను నా కోడలి కడుపుకు తగిలియ్యద్దు."

"ఏటా పత్తి పంపిస్తావు కదమ్మే ఆదోనికి! ఆడ గింజ తీసే మిషను యా దేవునికి మొక్కుతాది? ఆ పత్తి చీరే కదా కట్టుకున్నావు, నువ్వేమన్నా కిరస్తానంలో కలిసిపోతివా?"

మల్లమ్మ చేయి వదల్లేదు. హులిగమ్మే చేయెత్తి అత్త వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "పెట్టనీ అత్తా" అనింది.

చీర పక్కకు తీసి, ఉత్త చర్మం మీద పెట్టె ఆనించి, దానమ్మ చక్రం తిప్పింది, కండ్లు మూసుకునింది. మొదట నీళ్ళ చప్పుడు. ఎంత నీళ్ళో! కొంగు వానలెక్క కాదు ఇది. లోపల చెరువొకటి మెల్లిగా అటూ ఇటూ ఊగుతాంది. పెట్టెను ఒక వేలెడు జరిపింది. పెద్దగా, నింపాదిగా ఒక కొట్టుడు, తల్లి గుండె. ఇంకా కిందికి, బొడ్డుకు ఎడమ పక్కకు జరిపింది. ఏమీ లేదు. ఇంకొంచెం. నీళ్ళ అడుగున, చానా దూరంలో, ఎవరో చిన్నకాళ్ళతో పరుగెత్తుతాండారు. ఆగకుండా, అలవకుండా, తడబడకుండా. ముప్పై ఏండ్లు కాన్పులు చేసింది, ఆ పరుగు ఇట్లా ఎప్పుడూ వినలేదు. ఆమెకు తెలీకుండానే కండ్లలో నీళ్ళు కారినాయి.

"ఉండాది! బతికుండాది తల్లీ, పరుగెత్తుతాంది లోపల!"

మద్దమ్మ విరగబడి నవ్వింది. "సెవులుండే నాకు ఇన్పడలేదంట, సెవిటిదానికి ఇన్పడిందంట!"

"నీతో నాకేమి? నువ్వే ఇను తల్లీ" అని దానమ్మ తన చెవిలో బిళ్ళ తీసి, తుడిచి, హులిగమ్మ చెవిలో పెట్టింది. బిళ్ళ తీస్తూనే లోకం మళ్ళా మూగబోయింది. పెట్టెను అదే తావులో ఆనించి పట్టుకొని, పిల్ల మొగం చూస్తా కూచునింది. హులిగమ్మ ఊపిరి బిగబట్టి వినింది. చానా సేపు వినింది. ఆ పైన తల అడ్డంగా ఊపింది, పెదవులు కదిలినాయి.

"ఏం లేదు పెద్దమ్మా."

దానమ్మ పెట్టెను ఇంకొంచెం అదిమి పట్టింది. ఇంతలోకే ఆగిపోయిందా? తాను విన్నది నిజంగా విన్నదేనా, లేకపోతే అరుగు మీది వాన లాంటిదేనా? మొగుడు వచ్చి వేన్నీళ్ళు అడగలేదూ, అట్లాంటిదా? యేసయ్యా, మళ్ళా తప్పు చేయించొద్దు నాయనా అనుకునింది. అప్పుడు గుర్తొచ్చింది సెల్లు సంగతి. ఎండ తాగిన సెల్లు అది.

బిళ్ళ తీసుకొని, పెట్టెతో కలిపి దోసిట్లో మూసి, చక్రం కొసకంటా తిప్పింది. ఇక్కడ కుక్క లేదు. మల్లమ్మ ఉంది.

"మల్లమ్మా, కూత వస్తాందా?"

"ఏం కూత?" అన్నట్ల మల్లమ్మ నొసలు చిట్లించింది.

"కుయ్యిమని! వస్తాందా లేదా? నీ బిడ్డల మింద ఆన, ఉండేది సెప్పు."

మల్లమ్మ వంగి దోసిలి దగ్గర చెవి పెట్టింది. లేదని తల ఊపింది.

"అయితే సచ్చింది సెల్లు! బిడ్డ కాదు, సెల్లు!" అని దానమ్మ ఎగిరినంత పని చేసింది. గదిలో ఆమె తప్ప ఎవరూ సంతోషపడలేదు. సెల్లు సస్తే బిడ్డ బతికినట్టా అని అందరి మొగాల్లోనూ రాసుంది. నిజమే. చెవిటిదాని మాట ఎవరు నమ్ముతారు, అదీ ఈ ఇంట్లో?

అప్పుడు దానమ్మ చేసిన పని ఆ ఊర్లో ఇంకెవరూ చేసి ఉండరు. మల్లమ్మ కొప్పు పట్టుకొని, తల వంచి, హులిగమ్మ కడుపు మీద తన వేలు ఆనిన తావులో ఆమె చెవి అదిమి పెట్టింది. "ఈడ ఇను. నా సెవులు పాయె, నీకుండాయి కదా. ఈడ, నా వేలి కింద! మిగిలినోళ్ళు ఊపిరి కూడా ఇడవద్దు!"

మద్దమ్మ చేతిలో చెంబు అట్లే పట్టుకొని నిలబడిపోయింది. దానమ్మకు గదిలో చప్పుడు ఉందో లేదో తెలీదు, మల్లమ్మ మొగం ఒక్కటే తెలుసు. కనుబొమలు ముడిపడినాయి. ఏమీ లేదు. ముడి ఇంకా బిగిసింది. ఏమీ లేదు. దానమ్మ వేలు ఒక్క గింజంత కిందికి జరిపి, ఆ తలను కూడా జరిపింది. మల్లమ్మ కండ్లు మెల్లిగా పెద్దవైనాయి. నేల మీద ఆనిన ఆమె చూపుడువేలు, ఆమెకు తెలీకుండానే, బండ మీద కొట్టడం మొదలుపెట్టింది. వడివడిగా, ఆగకుండా.

అదే పరుగు. దానమ్మ ఆ వేలిని చూస్తా వినింది.

మల్లమ్మ లేచి కోడలి మొగం రెండు చేతుల్లో పట్టుకొని ఏదో చెప్పింది. ఏం చెప్పిందో దానమ్మకు వినపడలేదు, అడగలేదు కూడా. హులిగమ్మ మొగం చూస్తే చాలు. ఆ పిల్ల మోకాళ్ళు మడిచి, అత్త భుజం ఒక చేత్తో, మద్దమ్మ చేయి ఇంకో చేత్తో పట్టుకొని, పండ్లు బిగించింది.

ఆ తర్వాత జరిగిందంతా నీళ్ళ అడుగున జరిగినట్ల జరిగింది. నోర్లు తెరుచుకుంటాండాయి, మెడల్లో నరాలు ఉబ్బుతాండాయి, చప్పుడు లేదు. దానమ్మ చేతులకు మాత్రం అంతా తెలుస్తాంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ముక్కాలో, చేయెత్తి, చేయి దించి చెప్పింది. కిటికీలో ఎండ గోడ మీదికి పాకింది. తల వచ్చింది, భుజం వచ్చింది, ఆ పైన జారుకుంటా మొత్తం బిడ్డ ఆమె చేతుల్లో పడింది.

నీలంగానే ఉంది, పోయినసారి లెక్కనే. దానమ్మ నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది. వీపు రుద్దింది, తట్టింది. తలెత్తి చుట్టూ చూసింది. మల్లమ్మ కొంగు మొగాన కప్పుకొని ఏడుస్తాంది. మద్దమ్మ ఏడుస్తాంది. హులిగమ్మ గోడకు తల ఆనించి ఎక్కెక్కి ఏడుస్తాంది. అందరూ ఏడుస్తాండారంటే ఇంకేముంది?

ఆమె బిడ్డను కింద పెట్టలేదు. ఈసారి ఎవరు చెప్పినా పెట్టేది లేదనుకునింది. బిడ్డ గొంతు కింద బొటనవేలు ఆనించింది. వేలి కింద గొంతు అదురుతాంది. తిప్పి మొగం చూసింది. నోరు గుండ్రంగా తెరిచి ఉంది, లోపల నాలుక వణుకుతాంది, పొట్ట ఎగిరెగిరి పడతాంది, నీలం పోయి ఎరుపు వస్తాంది.

"ఒసే మీ ఇండ్లు బంగారంగానూ!" అని దానమ్మ అరిచింది. "బిడ్డ ఏడుస్తాంటే మీరెందుకే ఏడ్సేది? నా పానం పోయింది కదే! మొగపిల్లోడు! బతికుండాడు!"

మల్లమ్మ కొంగు తీసి, ఏడుస్తానే నవ్వి, ఏదో అనింది. రెండుసార్లు అనింది. దానమ్మకు ఆమె నోరు కదిలేది కనిపించింది గానీ మాట తెలీలేదు. మల్లమ్మ బిడ్డ కోసం చేతులు చాపింది.

"ఉండమ్మే, రవ్వంత సేపు" అని దానమ్మ పిల్లోన్ని తన ఎదకు అదుముకునింది. ఆ ఏడుపు ఆమె ఎముకల్లో అదురుతాంది. పిల్లోడు ఏడ్చి ఏడ్చి ఊరకయ్యేదాకా ఆమె వాన్ని ఎవరికీ ఇయ్యలేదు.